నాగావళి చేపకు పేరు పెట్టే ముందు వంశధారలో వల వేయాలి

నాగావళిలో పట్టిన చేపకు కొత్త పేరు పెట్టే ముందు వంశధారలోనూ వల వేయాలి. ఇంద్రావతి పుట్టే కొండల్లోనూ, కొలాబ్ ఎగువ వాగుల్లోనూ వేయాలి. ఒడిశాలోని రాయగడలో చాలాకాలంగా జంతుశాస్త్రం పాఠాలు చెబుతూ, సెలవు దొరికితే పిల్లలను వెంటబెట్టుకుని వాగుల వెంట తిరిగే మనిషిగా నా వాదన ఇదొక్కటే. దీనికోసం తెలిసినవాళ్లలో సగం మందితో గొడవపడ్డాను. మా విద్యార్థులు చాటుగా నన్ను అడ్డుపుల్ల మాస్టారని పిలుచుకుంటారని విన్నాను. పిలుచుకోనివ్వండి, తప్పుడు పేరేమీ కాదు.

గొడవకు మూలం వేలెడంత చేప. గారా అనే ప్రజాతికి చెందినది. దవడ కింద గుండ్రటి బిళ్ల లాంటి అవయవం ఉంటుంది. దాన్ని రాతికి అదిమిపెట్టి, వానాకాలపు ఉరవడిలో కూడా కొట్టుకుపోకుండా నిలబడుతుంది. రాతి మీది పాచిని గీరుకుని తింటుంది. పశ్చిమాఫ్రికా నుంచి బోర్నియో దాకా ఈ ప్రజాతిలో నూటయాభైకి పైగా జాతులున్నాయి. పెద్ద ఊళ్ల మాల్స్‌లో డబ్బు తీసుకుని మన పాదాలను కొరికించే 'డాక్టర్ ఫిష్' కూడా ఈ ప్రజాతిదే, పశ్చిమాసియా నుంచి వచ్చింది. మా సంతలో మాత్రం దీనికి ఆ మర్యాద లేదు. పరిగెలు, చిన్న జెల్లలు కలిపి కుప్ప పోసిన చిల్లర చేపల్లో ఎక్కడో ఉంటుంది. "అది రాళ్లను కరుచుకునేది బాబూ, తలకాయే తప్ప కండ ఉండదు" అంటూ చేపలమ్మే ఆవిడ దాన్ని పక్కకు తోసేస్తుంది. కొనేవాళ్లు ఎవరూ అభ్యంతరం చెప్పరు, నేను తప్ప.

ఈమధ్య కొరాపుట్ జిల్లాలో కొలాబ్ నది నుంచి గారా లైశ్రామి అనే కొత్త జాతిని శాస్త్రవేత్తలు వర్ణించారు. ఆ వార్త వచ్చినప్పటి నుంచి మా పిల్లలకు ప్రతి చిల్లర చేపా కొత్తగానే కనిపిస్తోంది. అందులో తప్పేమీ లేదు, కళ్లు తెరుచుకున్నాయి, సంతోషమే. ఎమ్మెస్సీ పూర్తిచేసిన ఒక కుర్రాడు రాయగడకు ఎగువన నాగావళిలో కలిసే వాగు నుంచి కొన్ని గారాలు పట్టుకొచ్చాడు. ముట్టె మీద ముందుకు పొడుచుకొచ్చిన చిన్న దిబ్బ, దాని మీద బుడిపెలు, మొప్పల వెనక ముదురు మచ్చ. "మాస్టారూ, ఇది కొత్తదే" అన్నాడు. "అయ్యుండవచ్చు" అన్నాను. "రాసేద్దామా?" అన్నాడు. "లేదు" అన్నాను. అక్కడ మొదలైంది.

కొత్త జాతి అని తేల్చే పని ఎలా సాగుతుందో బయటివాళ్లకు అంతగా తెలియదు కాబట్టి కాస్త విడమరచి చెబుతాను. చేప ప్రాణంతో ఉండగానే నీళ్లలో ఉంచి ఫోటో తీయాలి. ఫార్మలిన్‌లో పడ్డాక రంగులు నిలవవు, వాజాల మీది నారింజ, పొట్ట మీది పసుపు పోయి అంతా మాసిన గోధుమరంగులోకి దిగుతుంది. తర్వాత కుడివైపు వాజంలోంచి చిన్న ముక్క కత్తిరించి, డీఎన్ఏ పరీక్ష కోసం నీరు కలపని ఆల్కహాల్‌లో వేయాలి. ఇది ఫార్మలిన్‌కు ముందే జరగాలి, ఎందుకంటే ఫార్మలిన్ డీఎన్ఏను పాడుచేస్తుంది. కుడివైపే కత్తిరించడానికి కారణం, కొలతలన్నీ ఎడమవైపు తీయడం ఆనవాయితీ. ఆపైన చేపను 10 శాతం ఫార్మలిన్‌లో బిగుసుకోనిచ్చి, కడిగి, శాశ్వతంగా 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చాలి. ఆ ఆల్కహాల్ కోసం కళాశాల ఎక్సైజు అనుమతి తెచ్చుకోవాలి. చేపను పట్టడం కన్నా ఆ కాగితం పట్టడమే కష్టం.

ఇక కొలతలు. ముట్టె కొస నుంచి తోక వాజం మొదలు దాకా ఉన్నదాన్ని ప్రామాణిక పొడవు అంటారు. తోక వాజాన్ని కలపరు, దాని కొసలు విరిగిపోతుంటాయి. కాలిపర్‌తో మిల్లీమీటరులో పదో వంతు దాకా చూడాలి. తల పొడవు, కంటి వ్యాసం, రెండు కళ్ల మధ్య దూరం, దవడ కింది బిళ్ల వెడల్పు, తోక కాడ లోతు... వీటన్నిటినీ ప్రామాణిక పొడవుతోనో తల పొడవుతోనో నిష్పత్తిగా రాయాలి. తర్వాత లెక్కలు: ఒంటి పక్కన పొడవునా సాగే పార్శ్వరేఖ వెంట పొలుసులు ఎన్ని, ఆ రేఖకు పైన ఎన్ని వరుసలు, కింద ఎన్ని, తోక కాడ చుట్టూ ఎన్ని, వీపు వాజంలో చీలని ఈనెలు ఎన్ని, చీలినవి ఎన్ని. వెన్నుపూసలు లెక్కపెట్టాలంటే ఎక్స్-రే తీయించాలి. మా ఊళ్లో ఆ పనికి నేను ఒక ఎక్స్-రే సెంటరుకు చేపలు పట్టుకుని వెళితే, కంప్యూటర్ ముందున్న అబ్బాయి పేషెంటు పేరు, వయసు లేకుండా బిల్లు రాదన్నాడు. పేరు గారా అని చెప్పాను. వయసు అతనే ఏదో వేసుకున్నాడు.

ఈ పనంతా ఒక్క చేపతో అయ్యేది కాదు. గారాల ముట్టె మీది బుడిపెలు మగవాటిలో బాగా పెరుగుతాయి, ఆడవాటిలో అంత కనిపించవు. పిల్ల చేపల్లో ముట్టె మీది దిబ్బే సరిగా ఏర్పడి ఉండదు. పెరిగేకొద్దీ తల నిష్పత్తి మారుతుంది. బిళ్ల మారుతుంది. ఒకే వాగులో పట్టిన పెద్ద మగచేపనూ చిన్న ఆడచేపనూ పక్కపక్కన పెడితే రెండు జాతులని ప్రమాణం చేసేవాళ్లను చూశాను. అందుకే మగా ఆడా, చిన్నా పెద్దా, వానల తర్వాతా ఎండల్లోనూ పట్టినవీ కలిపి ఒక వరుస చేతిలో ఉంటే తప్ప, ఏ తేడా జాతిదో ఏ తేడా వయసుదో తేలదు.

అయితే ఇది కూడా అసలు చిక్కు కాదు. కొత్తది అనాలంటే పాతది ఏదో ముందు తెలియాలి కదా. దక్షిణాపథం గారాల్లో పాతది గారా ముల్యా. కల్నల్ సైక్స్ 1839లో దక్కన్ చేపల గురించి రాసినప్పుడు వర్ణించాడు. ఆ కాలపు వర్ణనలు కొన్ని వాక్యాలకు మించవు. అప్పటికి అవి చాలు, ఎందుకంటే పోల్చడానికి దక్కన్ నుంచి వర్ణించిన రెండో గారా లేదు. తర్వాతి తరాలు ఆ కొద్ది వాక్యాలకు సరిపోయే ప్రతి గారానూ ముల్యా అని రాసుకుంటూ పోయాయి. పశ్చిమ కనుమల్లో దొరికితే ముల్యా, మా కొండల్లో దొరికినా ముల్యా. మన ఇళ్లలో అటక మీది ట్రంకు పెట్టె లాంటిది ఆ పేరు. చోటు దొరకని ప్రతిదీ అందులోకి వెళ్లింది. సైక్స్ చూసిన చేపలు కృష్ణలో కలిసే భీమా నది పరిసరాలవి. మాది నాగావళి. రెంటి మధ్య గోదావరి పరీవాహకం మొత్తం ఉంది. మా కుర్రాడి చేప ముల్యా కాదని చెప్పడానికి ఆట్టే కష్టపడక్కర్లేదు. మా వైపు ముల్యా అని రాసి సీసాల్లో పెట్టిన పాత చేపల్లో ఏది నిజంగా ముల్యా, ఏది కాదు, మిగతావి ఏమిటి? ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా పేరు పెడితే ట్రంకు పెట్టెలోంచి ఒక్క చీర తీసి ఇల్లు సర్దానన్నట్టే.

పాత సీసాలు దగ్గర్లో ఉంటాయా అంటే అదీ లేదు. 'ది ఫిషెస్ ఆఫ్ ఇండియా' అనే గ్రంథాన్ని 1875–78 మధ్య వెలువరించిన ఫ్రాన్సిస్ డే సేకరించిన చేపలు కోల్‌కతాలో కొన్ని, లండన్‌లో కొన్ని, నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో కొన్ని ఉన్నాయి. గణనీయమైన భాగం ఆస్ట్రేలియాలో, సిడ్నీ మ్యూజియంలో ఉంది. 1822లో గంగానది చేపల మీద గొప్ప గ్రంథం రాసిన ఫ్రాన్సిస్ హామిల్టన్ అయితే సీసాలే మిగల్చలేదు. రోహు అనీ శీలావతి అనీ మనం కొనుక్కునే చేప దగ్గర్నుంచి ప్రయోగశాలల్లో పెంచే చారల జీబ్రా చేప దాకా ఆయన పేరు పెట్టినవే, కానీ ఆధారంగా మిగిలినవి బొమ్మలూ మాటలూ. దొర పెట్టిన పేరు మీద అనుమానం వస్తే, ఆయన చెప్పిన చోటికి మళ్లీ వెళ్లి, మళ్లీ చేప పట్టి, ఆ పేరు దీనికే చెందుతుందని కొత్తగా స్థిరపరచాలి. దాన్ని పునర్వర్ణన అంటారు. పత్రికల్లో రాదు. పదోన్నతి లెక్కల్లో దానికి విడిగా విలువ లేదు. కానీ కొత్త జాతి వ్యాసాలన్నీ నిలబడేది దాని భుజాల మీదే.

మా ప్రాంతానికి ఇందులో ఇంకో దురదృష్టం ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా రాయగడ, కొరాపుట్ అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలోవే. ఆ విశాఖపట్నంలోనే ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు కూర్చుని, జాలరులు చెప్పిన తెలుగు పేర్లతో సహా రెండు వందల చేపలను వర్ణించాడు. 1803లో లండన్‌లో అచ్చయిన ఆ రెండు సంపుటాలు భారతదేశపు చేపల శాస్త్రానికి తొలి మెట్లలో ఒకటి. అయితే ఆయన చూపు ప్రధానంగా సముద్రం మీద. ఘాట్ ఎక్కి ఈ వాగుల్లోకి రాలేదు. హామిల్టన్ గంగ దగ్గర, సైక్స్ పుణె దగ్గర, జెర్డన్ అనే మరో దొర 1849 నాటికి దక్షిణాన. తూర్పు కనుమల ఈ భాగం అందరి దారికీ పక్కన పడిపోయింది. అందుకే మా వాగుల నుంచి కొత్త జాతులు వస్తాయని నేనూ నమ్ముతున్నాను. మా కుర్రాడితో నాకున్న తగవు చేప కొత్తదా కాదా అని కాదు, అది ఎంత దూరం వరకు కొత్తదో తెలియకుండా రాయవచ్చా అని.

ఇక్కడి భూమి ఎలా ఉందో చూస్తే నా పట్టుదల అర్థమవుతుంది. కలహండి జిల్లాలో థువాముల్ రాంపూర్ అనే ఎత్తైన ప్రాంతం ఉంది. నాగావళి అక్కడే పుడుతుంది. ఇంద్రావతీ అక్కడే పుడుతుంది. నాగావళి తూర్పుగా దిగి రాయగడ మీదుగా పార్వతీపురం, శ్రీకాకుళం వైపు వెళ్లి నేరుగా బంగాళాఖాతంలో కలుస్తుంది, సుమారు 256 కిలోమీటర్ల నడకలో 161 దాకా ఒడిశాలోనే. ఇంద్రావతి పడమరగా బస్తర్ వెళ్లి గోదావరిలో చేరుతుంది. అక్కడికి దగ్గర్లోనే లాంజిగఢ్ వైపు వంశధార పుట్టి, గుణుపురం మీదుగా కళింగపట్నం దగ్గర సముద్రంలో పడుతుంది. ఉత్తరానికి పోయే నీళ్లు తేల్ నది ద్వారా మహానదికి. కొరాపుట్ కొండల్లో కొలాబ్ పుట్టి, కిందికి వచ్చేసరికి శబరి అయి, కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఒక్క మిట్ట మీద పడిన వాన నాలుగు వేర్వేరు దారుల్లో సముద్రానికి చేరుతోంది. సముద్రం ఉప్పు దాటలేని గారాకు ఈ నాలుగూ నాలుగు లోకాలు. కానీ పైన, పుట్టుక దగ్గర, రెండు వాగుల మధ్య ఒక గట్టే అడ్డం. కొండ కోసుకుపోయి ఒక నది మరో నది వాగును లాగేసుకోవడం భూమి చరిత్రలో మామూలే. అలా జరిగినప్పుడు చేపలూ దాటుతాయి. ఎప్పుడో దాటినవి కొత్త జాతులుగా విడిపోయి ఉండవచ్చు, మొన్నమొన్న దాటినవి ఒకే జాతిగా ఉండవచ్చు. గట్టుకు అవతలి చేపను చూడకుండా ఇది నాగావళిదే, ఇక్కడ తప్ప ఎక్కడా లేదు అని రాసే మాటకు ఆధారం ఏమిటి?

పైగా ఇప్పుడు ఆ గట్టును మనుషులే తవ్వేశారు. ఎగువ ఇంద్రావతి ప్రాజెక్టు గోదావరికి పోవలసిన నీళ్లను సొరంగం గుండా మళ్లించి, 600 మెగావాట్ల విద్యుత్తు తీసి, హాతి నది ద్వారా మహానది పరీవాహకంలోకి వదులుతోంది. అంటే 1990ల చివరి నుంచి గోదావరి నీళ్లు మహానది నీళ్లలో కలుస్తున్నాయి. నీళ్లతో గుడ్లు, పిల్లలు ఎన్ని వెళ్లాయో ఎవరు లెక్కించారు? ఈ రోజు హాతిలో గారా దొరికితే అది మహానది పాత కాపురస్తురాలా, సొరంగంలో వచ్చిన అతిథా? ప్రాజెక్టుకు ముందు పట్టి, తేదీ వేసి, దాచిన చేప ఉంటేనే చెప్పగలం. కింద ఆంధ్రలో వంశధార, నాగావళుల అనుసంధానం పనులూ చేపట్టారు. పదేళ్ల తర్వాత ఈ ప్రశ్న ఇంకా చిక్కుబడుతుంది. అందుకే ఇప్పుడే, నీళ్లు పూర్తిగా కలిసిపోక ముందే, నాలుగు వైపులా వలవేసి సీసాలు నింపుకోవాలంటున్నాను. చూశారా, నేను నెమ్మదిగా పోదామనడం లేదు. పేరు దగ్గర నెమ్మది, సేకరణ దగ్గర తొందర.

రాష్ట్రాల సరిహద్దు చేసే అపకారం వేరే. దేశంలోని జంతువులను నమోదు చేసే ప్రభుత్వ సంస్థ జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా జంతుజాలాన్ని రాష్ట్రాలవారీగా సంపుటాలు వేసింది. ఒడిశాకొకటి, ఆంధ్రప్రదేశ్‌కొకటి. ఆ సంపుటాలు చేసిన మేలు తక్కువ కాదు, అవి లేకపోతే నాలాంటివాడికి మొదలే లేదు. కానీ చేపలకు ఆ పద్ధతి కుదరదు. రాయగడ జిల్లాలో పట్టిన చేప ఒక పుస్తకంలోకి, అదే నదిలో కొన్ని కిలోమీటర్ల దిగువన కొమరాడ దగ్గర పట్టింది ఇంకో పుస్తకంలోకి వెళ్తుంది. భువనేశ్వర్‌లో అనుమతి తీసుకున్న పరిశోధకుడు సరిహద్దు గుర్తు దగ్గర ఆగిపోతాడు. అటువైపు మళ్లీ దరఖాస్తు, మళ్లీ అటవీ అధికారి, మళ్లీ రుసుము. వ్యాసంలో పటం చూస్తే చుక్కలన్నీ రాష్ట్రపు గీత లోపలే ఉంటాయి. చేప అక్కడ ఆగిందని చదివేవాడు అనుకుంటాడు. ఆగింది చేప కాదు, పరిశోధకుడు.

ఇంత చెప్పినా మా కుర్రాడు ఒప్పుకోలేదు. అతనిది గట్టి వాదనే. "మాస్టారూ, ఎగువన క్వారీలు, వాగుల్లో చేపల కోసం వేసే బ్లీచింగ్ పౌడరు, పేలుడు తూటాలు. మీరు నాలుగు నదులూ చూసేలోపు ఈ వాగులో చేపే ఉండదు. పేరు లేని చేపను ఎవరు కాపాడతారు?" అన్నాడు. నిజమే. మంగకాయలు దంచి వేసి చేపలకు మత్తెక్కించే పాత పద్ధతిలో వాగు కోలుకునేది. బ్లీచింగ్ పౌడరు వేస్తే పిల్లలు, గుడ్లు, పురుగులు అన్నీ పోతాయి. పేరు లేని జీవి, ప్రమాదంలో ఉన్న జీవులను నమోదు చేసే ఐయూసీఎన్ ఎర్ర జాబితాలోకి ఎక్కడం దాదాపు అసాధ్యం. గని కోసమో ఆనకట్ట కోసమో తయారయ్యే పర్యావరణ నివేదికలో 'గారా, జాతి తెలియదు' అని రాస్తే ఏ కమిటీ కూడా ఆగదు. ఈ వాదనను నేను తేలిగ్గా తీసుకోను.

కానీ అతను తన వాదనకు చూపించిన ఉదాహరణే నా వైపు సాక్ష్యం చెబుతోంది. కావేరిలో మూపురం ఉన్న మహసీర్ అనే భారీ చేప ఉంది. 50 కిలోలు దాటి పెరుగుతుంది. బ్రిటిష్ కాలం నుంచి గాలం వేసేవాళ్లందరికీ అది తెలుసు, దానితో దిగిన ఫోటోలూ ఉన్నాయి. 2018 దాకా దానికి స్థిరమైన శాస్త్రీయ నామం లేదు, అందువల్ల ఎర్ర జాబితాలో చోటూ లేదు. "చూశారా, పేరు పెట్టకపోతే ఇలాగే" అంటాడు కుర్రాడు. కానీ ఆ చేపకు పేరు లేకపోలేదు. 2007లో కావేరి ఉపనది అయిన పంబార్‌లో, కేరళ భాగంలో, దొరికిన చిన్న చేపల ఆధారంగా టోర్ రెమాదేవీ అనే జాతిని వర్ణించారు. ఆ వర్ణనకూ, కర్ణాటక తమిళనాడుల్లో ఈదే ఆ మహాకాయానికీ సంబంధం ఉందని ఎవరూ చూడలేదు. తమిళనాడులోని మోయార్ నదిలో మళ్లీ పట్టి, రూపాన్నీ డీఎన్ఏనూ పోల్చి, రెండూ ఒకటేనని 2018లో తేల్చాక వెంటనే అది అత్యంత ప్రమాదంలో ఉన్న జాతిగా జాబితాకెక్కింది. పదకొండేళ్లు ఆ చేపకు పేరుంది, కానీ ఆ పేరు ఒక ఉపనదిలో, ఒక రాష్ట్రంలో, చిన్న చేపల మీద ఉండిపోయింది. ఆ పదకొండేళ్లలో పెద్ద చేపకు రక్షణ రాలేదు. పేరు పెట్టినవాళ్లను నేను తప్పుపట్టను, వాళ్లు తమ చేతికి దొరికినదాన్ని నిజాయితీగా వర్ణించారు. పేరు ఒక్కటే చేపను కాపాడదని మాత్రం అంటాను. ఆ పేరు నదిలో ఎంత దూరం వర్తిస్తుందో తెలిసినప్పుడే అది చట్టానికి పనికొస్తుంది.

డీఎన్ఏ ఉంది కదా, ఇంకా ఈ పొలుసుల లెక్కలెందుకని కొందరు పెద్దలు అడుగుతారు. మైటోకాండ్రియాలోని సీఓఐ అనే జన్యువులో దాదాపు 650 అక్షరాల ముక్కను చదివి, దాన్ని బార్‌కోడుగా వాడే పద్ధతి 2003 నుంచి ప్రచారంలోకి వచ్చింది. మంచి పనిముట్టు. రెండు చేపల మధ్య తేడా రెండు శాతం దాటితే వేరే జాతి అని ఒక మోటు లెక్క వాడుకలో ఉంది. అయితే గట్టుకు అటూ ఇటూ వేల ఏళ్లుగా విడిపోయి బతుకుతున్న ఒకే జాతి గుంపుల మధ్య కూడా అంత తేడా రావచ్చు, కొత్తగా విడిపోయిన రెండు మంచి జాతుల మధ్య అంత రాకపోవచ్చు. ఇంకో తిరకాసు, మనం పోల్చుకునే సమాచార నిధిలో గారా ముల్యా పేరుతో ఉన్న వరుసలను ఎవరు, ఏ నది చేప నుంచి, ఎలా గుర్తించి ఎక్కించారు? సీసాలో చేప దాచకుండా ఎక్కించిన వరుసను సరిచూసే దారే లేదు. అది మళ్లీ మన ట్రంకు పెట్టె దగ్గరికే తీసుకొస్తుంది.

సీసా మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. జంతు నామకరణ నియమావళి ప్రకారం 1999 తర్వాత ప్రచురించిన జాతి పేరు చెల్లాలంటే ఒక చేపను హోలోటైపుగా, అంటే ఆ పేరుకు ఆధారమైన నమూనాగా, లేదా కొన్నింటిని కలిపి సింటైపులుగా నిర్దేశించాలి. ఆ నమూనా ఏ సేకరణలో ఉందో, ఉంటుందో వ్యాసంలో రాయాలి. మన దేశంలో 2002 జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ కూడా కొత్త జాతి నమూనాను ప్రభుత్వం నిర్దేశించిన భాండాగారంలో జమచేయాలంటుంది. జంతువులకు అలాంటి భాండాగారాల్లో ముఖ్యమైనది జూలాజికల్ సర్వే. హోలోటైపు కోల్‌కతాలోని ఆ సర్వే ప్రధాన కేంద్రంలో ఉండటం సరైనదే. అక్కడ సీసాలో ఆల్కహాల్ తగ్గితే పోసేవాళ్లుంటారు. కానీ అదే జాతి మిగతా చేపలను, పారాటైపులను, పంచవచ్చు. ఆ సర్వేకే హైదరాబాద్‌లో మంచినీటి జీవుల కేంద్రం ఉంది, గంజాం జిల్లా గోపాల్‌పూర్‌లో నదీముఖాల కేంద్రం ఉంది. కొన్ని సీసాలు అక్కడికి, కొన్ని రాయగడకో గుణుపురానికో పర్లాకిమిడికో వెళ్తే నష్టమేమిటి? కిందటి తరం ఉపాధ్యాయులు మా దగ్గర కూడా సీసాలు పెట్టారు. ఒక కళాశాలలో వాటిని చూడటానికి వెళితే, గది సున్నం వేయించేటప్పుడు పారబోశామన్నారు. చీటీ మీద ఊరు, నది, తేదీ ఉన్న సీసాలు. ఇంద్రావతి ప్రాజెక్టుకు ముందువి. ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇంకా పూర్తిగా దిగలేదు, ఈ వ్యాసంలో దాని వాసన మీకు తగులుతుంటే క్షమించండి.

సరిహద్దులో ఉండటం మాకు ఒక్క సౌకర్యం ఇచ్చింది. మా పిల్లలు ఒడియా మాట్లాడతారు, తెలుగు చదువుతారు, కొందరికి కువి, సవర కూడా వచ్చు. గట్టుకు అటూ ఇటూ ఉన్న ఊళ్లలో మేనత్తలో పెద్దమ్మలో ఉంటారు. బయటి నుంచి జీపులో వచ్చి వాగు మీది వంతెన దగ్గర వలవేసి పోయే బృందానికి రాయి కింద ఏముందో ఎవరూ చెప్పరు. పొద్దున్నే మావులు, అంటే చేపలు పట్టే బుట్టలు, ఎత్తే ముసలాయన మా పిల్లలకు చెబుతాడు, ఏ మడుగులో ఎప్పుడు గుడ్లతో ఉన్న చేప పడుతుందో, ఏ వాగులో ఆనకట్ట కట్టాక అది కనబడటం మానేసిందో. కొలతల కాలిపర్ ఎవరి చేతికైనా ఇవ్వవచ్చు. ఈ సమాచారం మాత్రం ఇక్కడివాళ్లకే దొరుకుతుంది. నాలుగు నదుల తలల దగ్గర వలవేయగలిగేది మేమే. అందుకే తొందరపడి ఒక్క వాగు చేపతో వ్యాసం రాసి ఆ పని చేయగలిగినవాళ్లు ఆగిపోవడం నాకు బాధ.

కుర్రాడికి అసలు భయం వేరే ఉంది, మొన్న బయటపెట్టాడు. "మనం తిరుగుతూ ఉంటే, వేరేవాళ్లు ఇదే చేపకు ముందు పేరు పెట్టేస్తే?" ఆ భయం న్యాయమైనదే. నామకరణంలో ముందు ప్రచురించినవాడిదే పేరు, నియమం అంత కఠినం. పెట్టనీ అన్నాను. వాళ్లకు ఒక్క వాగు చేప ఉంటుంది, మనకు నాలుగు నదులవి ఉంటాయి. ఆ పేరు ఎక్కడిదాకా చెల్లుతుందో రాసే వ్యాసం మనదవుతుంది, దాన్ని చదవకుండా వాళ్లు రెండో వ్యాసం రాయలేరు. "మీకు ఉద్యోగం ఉంది కాబట్టి అలా అంటారు" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. పీహెచ్‌డీ సీటు ఇంటర్వ్యూలో కొత్త జాతి పేరు చెబితే తలలు ఊగుతాయి, పాత జాతిని మళ్లీ వర్ణించానంటే గడియారం చూస్తారు. ఆ ఇంటర్వ్యూ చేసే పెద్దలు ఇది చదివితే గడియారం సంగతి కాస్త ఆలోచించాలి.

ప్రస్తుతానికి సీసా మీద 'గారా, నాగావళి' అనీ, వాగు పేరూ తేదీ అనీ మాత్రమే రాసి ఉంది. వానలు తగ్గాక లాంజిగఢ్ వైపు వంశధార పైవాగుల్లోకి వెళ్లడానికి కుర్రాడు ఒప్పుకున్నాడు. షరతు ఒకటి పెట్టాడు: అక్కడ ఈ చేప దొరకకపోతే నేను ఇక అడ్డు చెప్పకూడదట. నేను ఒప్పుకోలేదు. ఒక ఋతువులో వలకు పడకపోతే ఆ వాగులో లేనట్టు కాదు, ఎండాకాలం మడుగులు కూడా చూడాలన్నాను. "సరే, ఎండాకాలం మడుగుల దాకా. ఆ తర్వాత ఒక్క రోజు కూడా ఆగను" అన్నాడు. ఇంద్రావతి మాట ఇంకా ఎత్తలేదు.